వేసవి ఎండను చలికాలానికి దాచేదెలా?

డెన్మార్క్‌లో చాలా ఊళ్లలో నీళ్లను ఒకేచోట కాచి, భూమిలోని గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపుతారు. ఆ వేడితో గదులు వెచ్చబడతాయి. చల్లారిన నీళ్లు మళ్లీ వెనక్కి వస్తాయి. చిక్కల్లా ఒక్కటే: ఎండ బాగా కాసేది వేసవిలో, వేడి కావాల్సింది చలికాలంలో!

వోయెన్స్ అనే చిన్న పట్టణం ఏం చేసిందో చూడండి. పెద్ద గోతిలో ప్లాస్టిక్ పరిచి, సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు నింపింది. అంటే 20 కోట్ల లీటర్లు! నీళ్లపై తేలే మందపాటి మూత వేసింది. సౌర ఫలకాలు వేసవంతా ఆ నీళ్లను వేడెక్కిస్తాయి. 2015 నుంచి ఇది పనిచేస్తోంది.

మరి నెలల తరబడి ఉంచితే ఆ నీళ్లు చల్లారిపోవా? గ్లాసులో వేడినీళ్లు కాసేపట్లోనే చల్లారతాయి. అవే కాగు నిండా ఉంటే చాలాసేపు వేడిగా ఉంటాయి, గమనించారా? వేడి బయటికి పోయేది పైతలం నుంచే. ఘనాకారపు తొట్టి భుజాన్ని రెట్టింపు చేస్తే పైతలం 4 రెట్లవుతుంది, పట్టే నీళ్లు మాత్రం 8 రెట్లు! అందుకే తొట్టి ఎంత పెద్దదైతే వేడి అంత ఎక్కువకాలం నిలుస్తుంది. కొంత వేడి పోతుంది, నిజమే. మిగిలింది మాత్రం చాలా ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. వేడినీళ్లు తేలిక కాబట్టి పైకి చేరతాయి, చల్లనివి అడుగునే ఉంటాయి. మధ్యలో గోడ అక్కర్లేదు. పైనుంచి వేడినీళ్లు తోడుకుని, చల్లారినవాటిని నెమ్మదిగా అడుగుకు వదులుతారు. కుదిపితే రెండూ కలిసి గోరువెచ్చనైపోతాయి మరి!