వినికిడి యంత్రాలు: ఎవరికి ఏది తగును?

కొంతకాలం క్రితం మాదాపూర్‌లోని నా వైద్యశాలకు డెబ్బై రెండేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుని ఆయన కుమారుడు తీసుకొనివచ్చాడు. సైబర్ టవర్స్ సమీపంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "నాన్నగారికి మతిమరుపు వస్తున్నదండీ. పిలిస్తే పలకరు, అడిగినదానికి మరేదో చెబుతారు. జ్ఞాపకశక్తికి లేహ్యమేదైనా ఇవ్వండి" అన్నాడు. మాస్టారు మాత్రం నా పెదవులనే చూస్తున్నారు. వెనుకకు వెళ్లి పలకరించాను. బదులు లేదు. లోపం మతిలో కాదు, చెవిలో ఉన్నదని అర్థమైంది.

సుశ్రుతాచార్యులు చెప్పిన 28 కర్ణరోగాలలో బాధిర్యం ఒకటి. అయితే వార్ధక్యంలో లోపలిచెవి కణాలు నశిస్తే కర్ణపూరణం వలన అవి తిరిగి పుట్టవు. ఈ మాట దాచడం వైద్యధర్మం కాదు. చెవి కారుతున్నా, కర్ణభేరికి రంధ్రమున్నా తైలం వేయనేకూడదు. మాస్టారికి ఒక చెవి అప్పుడప్పుడు కారుతుంది. అందుచేత ముందుగా చెవి వైద్యుని వద్దకు, తరువాత వినికిడి పరీక్షకు పంపాను.

యంత్రాలు ముఖ్యంగా నాలుగు విధాలు.

1. జేబు యంత్రం: పెట్టె జేబులో, తీగ చెవికి. మీటలు పెద్దవి కనుక వణికే చేతులకు అనుకూలం. బట్టల రాపిడి శబ్దం వినిపించడం దీని లోపం.

2. చెవి వెనుక యంత్రం: సన్నని గొట్టం ద్వారా చెవి అచ్చులోనికి ధ్వని చేరుతుంది. స్వల్ప లోపం మొదలు తీవ్ర లోపం వరకు పనికివస్తుంది. పిల్లలకు చెవి పెరిగినకొద్దీ అచ్చు మాత్రం మార్చితే చాలు.

3. చెవినాళంలో స్పీకరు గల యంత్రం: చెవి వెనుక చిన్న భాగం, నాళంలో స్పీకరు. చెవి మూసుకొనిపోయినట్లు అంతగా ఉండదు. గుబిలి, తేమ స్పీకరును పాడుచేస్తాయి.

4. చెవిలోపలి యంత్రం: బయటికి దాదాపు కనబడదు. బ్యాటరీ అతి చిన్నది, త్వరగా అయిపోతుంది. తీవ్రమైన చెవుడుకు శక్తి చాలదు. చెవి కారేవారికి తగదు.

మాస్టారు నాలుగవదే కోరారు. "చూసినవారు చెవిటి మాస్టారు అంటారు" అని ఆయన బాధ. వణికే వేళ్లతో ఆవగింజంత మీటను ఎలా తిప్పుతారని అడిగాను. పలుమార్లు పిలిచినా పలకకపోతే యంత్రం లేకుండానే ఆ పేరు వస్తుంది కదా అన్నాను. చివరకు చెవి వెనుక యంత్రానికి ఒప్పుకున్నారు.

ముంబైలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రమున్నది. అల్పాదాయ కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకం క్రింద ఉచిత యంత్రానికి అవకాశమున్నది.

కొత్తలో కుక్కరు ఈల, గిన్నెల చప్పుడు దుర్భరంగా తోస్తాయి. నిశ్శబ్దమైన గదిలో రోజుకు ఒకటి రెండు గంటలతో ఆరంభించి క్రమంగా పెంచాలి. తలంటు, స్నానం, నిద్ర వేళల తీసివేయాలి. బిళ్ల బ్యాటరీలు పసిపిల్లలకు అందనీయరాదు. మింగితే తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కసారిగా వినికిడి పోతే మావంటి వారి కోసం కూడా ఆగక, ఆనాడే చెవి వైద్యుని చూడాలి.

నెల తరువాత మాస్టారు వచ్చారు. వెనుకనుండి మెల్లగా "మాస్టారూ" అన్నాను. వెంటనే తిరిగారు. కుమారుడు తల వంచుకొని, "లేహ్యం అడిగానండీ ఆనాడు" అన్నాడు.