మన్యపు వాకిట కాయచికిత్స

ఆయుర్వేదమునకు ఎనిమిది అంగములు. వానిలో కాయచికిత్స ప్రధానమైనది. కాయమనగా దేహము. కత్తి పట్టక, దేహమునంతను ఒక్కటిగా పరిశీలించి, లోపలి రుగ్మతను కనిపెట్టి, ఔషధముతో కుదుర్చుట దాని పని. నేడు ఆసుపత్రులలో ‘జనరల్ మెడిసిన్’ అను పేరుతో నడచు విభాగము చేయుచున్నదియు ఇదియే.

వైద్యశాస్త్రము పెరిగినకొలది గుండెకు ఒకరు, మూత్రపిండములకు ఒకరు, నరములకు ఒకరు ప్రత్యేక నిపుణులు ఏర్పడిరి. ఇది మేలే. కాని చదువుకొన్న యువ వైద్యుల చూపంతయు ఆ వైపునకే మరలినచో దేహమునంతను చూడగలవారెవరు? ఈ ప్రశ్న నగరమున అంత తీవ్రముగా తోపదు. ఖమ్మము, కొత్తగూడెము దాటి గోదావరి వంతెన మీదుగా భద్రాచలము చేరినప్పుడు దాని బరువు తెలియును.

భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరినది. 2014 లో దాని చుట్టుపట్ల పల్లెలనేకము ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016 లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదయ్యెను. సరిహద్దులు ఎన్నిమారులు మారినను జ్వరము వానిని ఎఱుగదు. ఛత్తీస్‌గఢ్ అడవులనుండియు రోగులు ఇక్కడి ప్రభుత్వాసుపత్రికే వచ్చుచుందురు.

అట్టి ఆసుపత్రికి వచ్చిన ఒక కోయ బాలుని ఊహింపుడు. ఒళ్లు కాలుచున్నది, కీళ్లు నొచ్చుచున్నవి, ముఖము పాలిపోయినది, కన్నులు పచ్చబడినవి. కీళ్లకు ఒకరిని, కామెర్లకు వేరొకరిని వెదకుకొనుచు ఆ తండ్రి ఎన్ని ఊళ్లు తిరుగగలడు? ఈ లక్షణములన్నింటికి మూలము నెత్తురులోనే ఉండవచ్చును. మలేరియా కావచ్చును, సికిల్ సెల్ రక్తహీనత కావచ్చును, రెండును కూడియుండవచ్చును.

సికిల్ సెల్ వ్యాధిలో ఎఱ్ఱకణము కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములను అడ్డగించి, దుర్భరమైన నొప్పి కలిగించును. 1910 లో దీనిని వైద్యలోకమునకు తెలిపిన షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ కూడ కాయచికిత్సకుడే. మలేరియాతో ఈ వ్యాధికి విచిత్రమైన చుట్టరికము కలదు. తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే ఈ లక్షణము సంక్రమించినవారికి తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ లభించును. అందుచేతనే మలేరియా పీడించిన మన్యములలో అది తరతరములుగా నిలిచినది. ఇద్దరినుండియు సంక్రమించి వ్యాధిగ్రస్తులైనవారికి మాత్రము మలేరియా ప్రాణాంతకము కాగలదు.

ఔషధము నిచ్చుటయందును ఇట్టి చిక్కే కలదు. వైవాక్స్ మలేరియాకు వాడు ప్రైమాక్విన్, జి-6-పి-డి అను ఎంజైము కొఱవడినవారిలో ఎఱ్ఱకణములను చితుకజేయును. పాలిపోయినవారికి ఇనుము బిళ్లలిచ్చుట వాడుక. పలుమారులు రక్తము ఎక్కించుకొన్న దేహములో ఇనుము అప్పటికే పేరుకొనియుండును. సికిల్ సెల్ రోగులకు ఫోలిక్ ఆమ్లము ఇచ్చుట కలదు. దానిని కృత్రిమముగా తయారుచేసిన పరిశోధక బృందమును అమెరికాలో నడిపినవాడు 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు కనుగొనుట ఒక ఘనత. దానిని ఎవరికి, ఎప్పుడు ఈయవలెనో ఎఱుగుట మరియొక ఘనత. ఆ రెండవది కాయచికిత్సకునిది.

ప్రభుత్వ వైద్యకళాశాలలు కొత్తగూడెమున 2022 లోను, ఖమ్మమున 2023 లోను వెలసినవి. వానిలో చదివినవారు కొందరైనను ఈ శాఖను చేపట్టి మన్యపు వాకిట నిలిచినప్పుడే వాని స్థాపన సార్థకమగును. యంత్రములు పరీక్షాఫలితములు చెప్పగలవు. వానినన్నింటిని ఒక మనిషి కథగా కూర్చి చదువుటకు వైద్యుడు కావలెను.

సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయోద్యమము 2023 జూలై 1 న ఆరంభమైనది. 2047 దాని గడువు. నలువది ఏండ్లలోపు గిరిజనులకు రక్తపరీక్ష చేయుట అందు ముఖ్యకార్యము. ఇచట ఉపాధ్యాయులకును పని కలదు. లక్షణము ఒక్కరినుండి సంక్రమించినవాడు రోగి కాడనియు, అట్టివారిద్దరు వివాహమాడినచో పుట్టు ప్రతి బిడ్డకు నాలుగింట ఒకవంతు వ్యాధిభయము కలదనియు విద్యార్థులకు బోధింపవలెను. ఆశ్రమ పాఠశాలలో కాళ్లనొప్పియని మూలకు కూర్చున్న బాలుని సోమరియని గద్దింపక, నీరు త్రాగించి, చలి తగులకుండ చూచి, వైద్యునికడకు పంపవలెను. కాయచికిత్సకు తొలిమెట్టు ఆ తరగతి గదియే.