తరగతి గదిలో సాంకేతికత – మాస్టారికి కావలసిన తోడ్పాటు

ఇది కంప్యూటర్ యుగం అనే మాట మనం చాలాకాలంగా వింటున్నాం. బడికి కంప్యూటర్లు వచ్చాయి, గోడకు పెద్ద తెరలు వచ్చాయి, అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. అయితే ఇవి వచ్చినంత మాత్రాన పాఠం బాగా అర్థమవుతున్నదా? ఈ ప్రశ్న మన హాస్టల్ విద్యార్థులకు మిగతా వారికంటే ముఖ్యమైనది. మనలో చాలామంది ఇళ్లలో హైస్కూలు గడప తొక్కిన మొదటి తరం మనమే. బళ్లో అర్థం కాని లెక్కను ఇంట్లో చెప్పేవారుండరు. ట్యూషన్ పెట్టించుకునే స్తోమత ఉండదు. తరగతిలో మాస్టారు చెప్పే ఆ ముప్పావుగంటే మనకు ఆధారం. ఆ ముప్పావుగంటను బాగు చేయగలిగితే మన బతుకును బాగు చేసినట్టే.

యంత్రాలు వచ్చిన తీరు

బోధనలో సాంకేతికత మనకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ పాఠాల భాషల్లో తెలుగు ఒకటి. 1984లో 'క్లాస్' పథకం కింద దేశంలోని కొన్ని పాఠశాలలకు మొదటిసారి కంప్యూటర్లు ఇచ్చారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ల పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం కింద 2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 5 వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ గదులు వచ్చాయి. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, దీక్ష వేదికను ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లోని నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ దానికి ద్వారం.

ఇన్ని వచ్చినా ఒక లోపం మిగిలింది. 2008 నాటి కంప్యూటర్ గదులనే తీసుకోండి. ఒక సంస్థ కంప్యూటర్లు అమర్చి, తన మనిషిని పెట్టి కొన్నేళ్లు నడిపి, ఆ తర్వాత బడికి అప్పగించాలన్నది ఒప్పందం. దాంతో కంప్యూటర్ గది వేరు, తరగతి గది వేరు అయిపోయింది. పిల్లలు వారానికి ఒకటి రెండు పీరియడ్లు కంప్యూటర్ 'గురించి' నేర్చుకున్నారు. లెక్కల మాస్టారికి లెక్కలు చెప్పడానికి, సైన్సు టీచరుకు సైన్సు చెప్పడానికి అది పనిముట్టు కాలేకపోయింది. గడువు తీరి ఆ మనిషి వెళ్లిపోయాక గదికి తాళం పడిన బడులూ ఉన్నాయి.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లెబడుల పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన అధ్యయనంలో ఆ పిల్లల లెక్కల మార్కుల్లో గానీ, భాషలో గానీ చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. యంత్రం పిల్లల చేతికి చేరింది గాని పాఠంలోకి చేరలేదన్నమాట.

మాస్టారికి కావలసిన మూడు తెలివిడులు

పాఠం చెప్పడానికి సబ్జెక్టు తెలిస్తే చాలదని, ఆ సబ్జెక్టును పిల్లలకు ఎలా అందించాలో తెలియడం వేరే విద్య అని 1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ ఆచార్యుడు వివరించారు. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ దీనికి మూడోదాన్ని చేర్చారు. అది సాంకేతికత. సబ్జెక్టు, బోధన, సాంకేతికత ఈ మూడూ కలిసిన చోటే మంచి పాఠం పుడుతుందని వారి వాదన.

ఒక ఉదాహరణ చూద్దాం. పదో తరగతిలో విద్యుత్తు పాఠం ఉంది. బల్బు వెలిగేటప్పుడు కరెంటు 'ఖర్చయిపోతుంది' కనుక బల్బు దాటాక తక్కువ కరెంటు ప్రవహిస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఇది ప్రపంచమంతటా కనిపించే పొరపాటు. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 'ఫెట్' అనే ఉచిత బొమ్మల ప్రయోగశాలను ప్రారంభించారు. అందులో తెరమీదే బ్యాటరీ, తీగ, బల్బు కలిపి సర్క్యూట్ కట్టవచ్చు. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కంటికి కనిపిస్తుంది.

అయితే ఆ బొమ్మను ఊరికే చూపిస్తే పిల్లలు "భలే ఉంది సార్" అని చప్పట్లు కొట్టి మరిచిపోతారు. తెలిసిన మాస్టారు ముందుగా ప్రశ్న అడుగుతారు. "బల్బుకు ముందు ఎంత కరెంటు? తర్వాత ఎంత? నోటుబుక్కులో రాయండి." పిల్లలు రాస్తారు, పక్కవాడితో వాదించుకుంటారు. అప్పుడు తెరమీద బల్బుకు అటూ ఇటూ అమ్మీటరు పెట్టి చూపిస్తారు. రెండు చోట్లా ఒకే అంకె! "మరి ఖర్చయినదేమిటి?" అని మాస్టారు మళ్లీ అడుగుతారు. ఖర్చయినది కరెంటు కాదు, బ్యాటరీ ఇచ్చిన శక్తి అని అక్కడ తేలుతుంది. పాఠాన్ని నిలబెట్టినవి ఆ ప్రశ్నలే. బొమ్మ వాటికి సాయం చేసింది.

మన దగ్గర జరిగిన ఒక ప్రయత్నం

టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి 'క్లిక్స్' అనే కార్యక్రమం నడిపాయి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రాలతో పాటు తెలంగాణలో సుమారు 300 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో దీన్ని అమలు చేశారు. పాఠాలు తెలుగులో తయారయ్యాయి. ఇంటర్నెట్ లేకపోయినా బడిలోని కంప్యూటర్ నుండే నడిచేట్టు ఏర్పాటు చేశారు. రేఖాగణితంలో చతుర్భుజాల ధర్మాలను ఆధారాలుగా చేసుకుని, దాగిన చతుర్భుజాన్ని దొంగను పట్టినట్టు పట్టుకునే ఆట ఒకటి ఉంది. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని చర్చించుకుంటూ ఆడతారు.

ఇందులో మనం గమనించవలసింది ఉపాధ్యాయులకు అందిన తోడ్పాటు. వారికి ముఖాముఖి శిక్షణ ఇచ్చి వదిలేయలేదు. ఆ తర్వాత ఫోన్ గ్రూపుల్లో తమ తరగతి అనుభవాలు, సందేహాలు పంచుకునే వీలు కల్పించారు. ఇష్టమున్నవారికి సర్టిఫికెట్ కోర్సు కూడా పెట్టారు. ఈ కార్యక్రమానికి యునెస్కో 2017 సంవత్సరపు బహుమతి లభించింది.

తోడ్పాటు ఎలా ఉండాలి?

ఉపాధ్యాయ శిక్షణపై 1980లలో పరిశోధించిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ చెప్పిన సారాంశం ఇది. ఉపన్యాసం వింటే విషయం తెలుస్తుంది గాని తరగతిలో మార్పు రాదు. చేసి చూపాలి, చేయించాలి, ఆపై తరగతి గదిలో తోడుగా ఉండి సరిదిద్దాలి. ఈత గురించి ఎంత విన్నా చెరువులో దిగితేనే గదా వచ్చేది! మొదట్లో పక్కన ఒకరుండాలి కూడా. దీన్నిబట్టి కొన్ని సూచనలు:

1. అన్నీ ఒకేసారి నేర్పకూడదు. ఒక మాస్టారు, ఒక పాఠం, ఒక పనిముట్టు. అది కుదిరాక రెండోది.

2. పిల్లలకు ఏళ్ల తరబడి కొరుకుడుపడని పాఠంతో మొదలుపెట్టాలి. సులువుగా అర్థమయ్యే పాఠానికి తెర అక్కరలేదు, సుద్దముక్క చాలు.

3. కావలసిన వీడియోలు, బొమ్మలు ముందురోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. నెట్ రాకపోతే పీరియడ్ వృథా కాదు.

4. కరెంటు పోయినా పాఠం ఆగకుండా నల్లబల్ల మీద చెప్పే మార్గం సిద్ధంగా ఉండాలి.

5. అదే బడిలోని ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరి తరగతికి ఒకరు వెళ్లి చూడాలి. తప్పులు వెతకడానికి కాదు, నేర్చుకోవడానికి.

6. ఖరీదైనదే మంచిదనుకోవద్దు. 'ప్లికర్స్' అనే పద్ధతిలో ప్రతి విద్యార్థి చేతిలో ఒక కాగితపు కార్డు ఉంటుంది. ప్రశ్నకు జవాబు ఎ, బి, సి, డి లలో ఏదనుకుంటే ఆ వైపు పైకి వచ్చేలా పట్టుకుంటారు. మాస్టారు తన ఫోన్ కెమెరాతో తరగతిని ఒకసారి చూస్తే ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో తెలిసిపోతుంది. వెనుక బెంచీలో నోరు విప్పని పిల్లవాడు కూడా లెక్కలోకి వస్తాడు. మన హాస్టల్ పిల్లల్లో అలాంటివారు ఎందరో!

తెర మాత్రమే చాలదని 2020లో చూశాం. కరోనా వల్ల బడులు, హాస్టళ్లు మూతపడ్డాయి. తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి పాఠాలు ప్రసారం చేశాయి. ఆ కష్టకాలంలో అవి మేలే చేశాయి. కానీ టీవీకి ఎదురుగా కూర్చున్న పిల్లవాడి ముఖం కనిపించదు. "అర్థం కాలేదా నాన్నా, మళ్లీ చెప్తాను" అనేది మాస్టారు మాత్రమే.

మనం చేయగలిగింది

పూర్వ విద్యార్థులు చాలామంది నేడు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు హాస్టల్‌కో, బడికో కంప్యూటర్ ఇస్తామంటారు. సంతోషమే. ఇచ్చే ముందు అక్కడి ఉపాధ్యాయులను "మీకు ఏ పాఠం చెప్పడం కష్టంగా ఉంది?" అని అడగండి. వస్తువుతో పాటు మరమ్మతు ఖర్చుకు కొంత సొమ్ము కేటాయించండి. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారు నెలకో శనివారం వచ్చి మాస్టారి పక్కన కూర్చోండి. పాఠం చెప్పడం వారికి తెలుసు, యంత్రం మీకు తెలుసు. ఒకరికొకరు తోడైతే పని సులువవుతుంది.

విద్యార్థి మిత్రులారా! కేబుల్ తగిలించడం, తెర సరిచేయడం మీకు త్వరగా వస్తుంది. మాస్టారు తడబడితే నవ్వకండి, లేచి వెళ్లి సాయం చేయండి. అర్థం కానిది అడగండి. సాయంత్రం స్టడీ అవర్‌లో పగలు చూసిన బొమ్మను చూడకుండా గీసి, పక్కవాడికి వివరించండి. వివరించగలిగితేనే అది మీకు వచ్చినట్టు.

యంత్రాలు పాతబడతాయి, కొత్తవి వస్తాయి. ధైర్యంగా వాటిని వాడుకోగల ఉపాధ్యాయుడు ఒక్కరు తయారైతే, ఏటేటా ఆ తరగతికి వచ్చే పిల్లలందరికీ ఆ మేలు అందుతూనే ఉంటుంది. మన చేయూత అటువైపు ఉండాలని నా మనవి.