ఉగాది నుంచి నవమి దాకా... ఇంట్లోంచే మా యాత్ర!

పండగ సెలవులొచ్చేయంటే ఇంట్లో అందరికీ విశ్రాంతే. పిల్లలకి బడి ఉండదు, మగవాళ్ళకి ఆఫీసు ఉండదు. మరి మనకి? ఆ రోజుల్లోనే మనకి పని రెట్టింపు! పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం పిండివంట, సాయంత్రం ఏదో ఒక చిరుతిండి. సెలవులు అయిపోయేసరికి నడుం పడిపోతుంది. అవునా, కాదా? మీరే చెప్పండి.

2025 ఉగాదికి మేం రామేశ్వరం యాత్ర వెళ్దామనుకున్నాం. ఏడాదిగా చిట్టీ కట్టి డబ్బు కూడబెట్టేను. ఇంతలో మా అత్తగారికి రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయి, జనవరిలో ఒక కంటికి, ఫిబ్రవరిలో రెండో కంటికి ఆపరేషను చేయించవలసి వచ్చింది. యాత్ర డబ్బు కాస్తా మందులకీ, రాకపోకలకీ సరిపోయింది. పైకి ఏమీ అనలేదు గానీ, నిజం చెప్పొద్దూ, లోపల ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, నేను కోరిన ప్రయాణం అదొక్కటే.

"ఈసారికి సెలవులు ఇంట్లోనే గడిపేద్దాం, హాయిగా ఉంటుంది" అన్నారు మావారు. "హాయి ఎవరికండీ?" అన్నాను. ఆయన పేపరు మడిచి నాకేసి చూసేరు. ఆ రాత్రి అందరూ అన్నాలు తింటున్నప్పుడు చెప్పేను. "సరే, ఇంట్లోనే ఉందాం. కానీ మూడు షరతులు. పొయ్యి వెలిగించేది రోజుకి ఒక్కపూటే. రెండు రోజులకోసారి దగ్గర్లో ఎక్కడికైనా వెళ్ళాలి, తిండి ఇంటినుంచే. ఒక రోజు మాత్రం నేను వంటింట్లో అడుగుపెట్టను" అని. మా అబ్బాయి పకపకా నవ్వేడు. మావారు మాత్రం నవ్వలేదు, సరేనన్నారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో నేనొక్కదాన్నే శాకాహారిని. చిన్నప్పుడు నేను గింజలేసి పెంచిన కోడిపుంజుని సంక్రాంతికి కోసేరు. ఆ రోజు నుంచి నేను నీసు ముట్టలేదు. సముద్రం పక్క జిల్లాలో, చేపలంటే ప్రాణం పెట్టే ఇంటికి కోడలిగా వచ్చేను. ఇన్నేళ్ళూ రెండు రకాల గిన్నెలు, రెండు రకాల వంటలు. అత్తగారు మొదట్లో సణిగేవారు, తర్వాత అలవాటు పడ్డారు. వసంత నవరాత్రుల్లో మాత్రం ఇంట్లో నీసు వండం. ఆ ఏడాది తిథి తగ్గి నవరాత్రులు ఎనిమిది రోజులే వచ్చేయి. మార్చి 30 ఆదివారం ఉగాది, ఏప్రిల్ 6 ఆదివారం శ్రీరామనవమి.

పనసపొట్టుతో పండగ

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ముందు రోజే వచ్చింది. ఉగాది పచ్చడి తనే చేసింది. కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ ముక్కలు, వేపపువ్వు, ఉప్పు, కాస్త కారం. వేపపువ్వుని కాడలు లేకుండా రెండు చేతులతో నలిపి, చేటలో చెరిగి రేకలే వెయ్యాలి. లేకపోతే పిల్లలు నోట్లో పెట్టరు.

మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర. కొట్టిన పొట్టు అరకిలో తెచ్చుకుంటే ఐదుగురికి సరిపోతుంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, చల్లారేక గట్టిగా పిండెయ్యాలి. నూనె కాస్త ధారాళంగా పోసి సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, పచ్చిమిర్చి, పిడికెడు జీడిపప్పు వేయించి, నిమ్మకాయంత చింతపండు గుజ్జు పోసి దగ్గరపడనివ్వాలి. అందులో పొట్టు వేసి పది నిమిషాలు మగ్గనిచ్చి దించెయ్యాలి. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కలిపి నీళ్ళ చుక్కతో మెత్తగా నూరుకుని, కూర పూర్తిగా చల్లారేకనే కలపండి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. కొత్తగా చేసేవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. పొద్దున్న చేసిన కూర సాయంత్రానికి ఇంకా బావుంటుంది. అంటే రాత్రి మళ్ళీ పొయ్యి వెలిగించక్కర్లేదన్నమాట!

మా పక్కింటావిడది పలాస వైపు. పచ్చి జీడిపిక్కలు తెచ్చిచ్చేరు. పిక్క కొట్టేటప్పుడు చేతులకి నూనె రాసుకోవడం మరవకండి. తొక్కలోని జీడి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. 2018 అక్టోబరులో వచ్చిన తితిలీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు లెక్కలేనన్ని కూలిపోయేయి. "మా నాన్న వేసిన తోటమ్మా, ఒక్క రాత్రిలో పోయింది. మళ్ళీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాస్తున్నాయి" అన్నారావిడ. ఆ పప్పు నోట్లో వేసుకుంటుంటే మనసు అదోలా అయిపోయింది.

సాయంత్రం అందరం అరసవల్లి వెళ్ళేం. శ్రీకాకుళం ఊళ్ళోంచి రెండు కిలోమీటర్లే. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు తొలి సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మీకు తెలిసిందే. కళ్ళ జబ్బులున్నవాళ్ళు ఈ స్వామికి మొక్కుకుంటారు. అత్తగారూ మొక్కుకున్నారు. "కళ్ళు బాగుసేసింది డాక్టరే. కత్తికి కన్నప్పగించే దైర్నం మాత్రం ఈయనిచ్చేడు" అన్నారు బయటికొస్తూ.

తాబేళ్ళు, కొండ, సముద్రం

మర్నాడు సోమవారం రంజాను సెలవు. తెలిసిన ఆటో మాట్లాడుకుని పొద్దున్న ఆరింటికే బయల్దేరేం. తెల్లారగట్ట చేసింది రెండే రెండు, మామిడికాయ పులిహోర, పెరుగన్నం. ఎండల్లో పట్టుకెళ్ళే పులిహోరలో కొబ్బరి వెయ్యకండి, పాడవుతుంది. పెరుగన్నానికి వేడన్నాన్ని మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒకే ఒక్క చెంచా పెరుగు కలిపి మూత పెట్టండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు.

ముందు శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారంలో పూజలందుకునే గుడి ఇది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు వైపులా రెండు ధ్వజస్తంభాలు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. అవి ఆకులు నెమ్మదిగా కొరుక్కు తింటూంటే మా అబ్బాయి, "అమ్మా, నీ జట్టే!" అన్నాడు. నిజమే మరి, నాలాగే అవీ ఆకులూ కాయలే తింటాయి.

అక్కణ్ణుంచి శాలిహుండం. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధుల స్తూపాలు, చైత్యాలు. 1919లో వీటిని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారే. మనం మాట్లాడుకునే తెలుగులోనే రాసుకోవాలని పోరాడినాయన. ఇంటరు చదివిన నాలాంటిది కూడా ఇలా నాలుగు ముక్కలు రాయగలుగుతోందంటే ఆయన చలవే కదా! అత్తగారు మెట్లెక్కలేక కిందే కూర్చున్నారు. పైనుంచి చూస్తే నది మలుపు, దూరంగా సముద్రం. బండలు కాలిపోతాయి, పదిలోపలే దిగెయ్యండి.

ఆఖరిది కళింగపట్నం. ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. దీపస్తంభం దాటి ఇసుకలోకి వెళ్ళేం. అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మా కన్నోరూరు ఇక్కడికి ఐదు కోసులే. సిన్నప్పుడు ఒక్కపాలి మా నాయన బండిమీద తెచ్చేడు. పెళ్ళయ్యేక సూడనేదు."

"అన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదా అత్తా?"

"ఎవులు తీసికెల్తారే? పొయ్యి ఎవులు సూస్తారు?"

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, నాకు నోట మాట రాలేదు. నా రామేశ్వరం డబ్బు తినేసిన కళ్ళని నేను మనసులో ఎన్ని మాటలన్నానో ఆ దేవుడికే తెలుసు. ఆ కళ్ళు చూస్తున్నది ఇది. గంట దూరంలో ఉన్న సముద్రం. నాది ఇరవై రెండేళ్ళ కోరిక, ఆవిడది యాభై ఏళ్ళది. ఆవిడ ఎప్పుడూ అడగలేదు, మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు.

నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. మావారూ అబ్బాయీ పక్క కొట్లో వేయించిన చేప తిన్నారు. నేను కాదనలేదు. నా నియమం నా కంచం వరకే. అత్తగారు మాత్రం, "నవమి దాకా నాకొద్దురా" అని పెరుగన్నం మారడిగేరు.

చేప పన్ను చీర

బుధవారం నేనూ అమ్మాయీ బస్సులో పొందూరు వెళ్ళేం. గాంధీగారు మెచ్చిన సన్నఖద్దరు ఇప్పటికీ ఆడవాళ్ళు చేత్తో వడుకుతూంటే చూడవలసిందే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. సన్నటి పళ్ళు దువ్వెనలా పనిచేసి చెత్తంతా తీసేస్తాయి. దూది వెన్నలా వస్తుంది. ఖరీదైన చీర కొనలేకపోయేను, జాకెట్టు గుడ్డ ఒకటి తెచ్చుకున్నాను. అత్తగారు అది తడిమి చూసి, "సేప పన్నుతో దువ్విన బట్ట కడతావు గానీ, సేపల పులుసుకేటే అడ్డు?" అన్నారు. ఇరవై రెండేళ్ళలో నా తిండి గురించి ఆవిడ వేళాకోళంగా అన్న మొదటి మాట అది. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం.

పొయ్యి వెలిగించని మిగతా పూటల్లో మాకు చోడి అంబలి. నాలుగు చెంచాల చోడిపిండి నీళ్ళలో కలిపి రాత్రంతా పులియనిచ్చి, పొద్దున్న మరుగుతున్న నీళ్ళలో పోస్తూ ఉండకట్టకుండా కలపాలి. పచ్చివాసన పోయేదాకా ఉడికించి, చల్లారేక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుంటే సరి. ఎండకి ఇంతకన్నా చలవ లేదు. ఒంటిపూట బడినుంచి వచ్చిన మా అబ్బాయి రెండు గ్లాసులు తాగేవాడు.

నేను వంటింట్లోకి వెళ్ళని రోజు

శనివారం నా షరతు. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కి నేనూ అమ్మాయీ మా పుట్టిల్లు విజయనగరం వెళ్ళేం. 1713లో మొదలైన కోట, గంటస్తంభం, గురజాడ అప్పారావుగారి ఇల్లు చూసేం. 1919లో పెట్టిన సంగీత కళాశాల ముందు కాసేపు నిలబడ్డాం. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాలగారు, సుశీలగారు చదువుకున్నది అక్కడే. తర్వాత నేను ఇంటరు చదివిన కాలేజీ చూపించేను. "నువ్వెందుకు ఆపేశావమ్మా?" అని అడిగింది. "సంబంధం వచ్చింది" అన్నాను. నా చెయ్యి పట్టుకుంది, ఇంకేం అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లోకే మాడు వాసన! మావారు పప్పు మాడ్చేరు. అత్తగారు కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుని, "ఉప్పెయ్, ఇప్పుడు సింతపండు పొయ్యి" అని కొడుక్కి చెబుతున్నారు. మాడిన గిన్నెలో నీళ్ళు, కాస్త సోడాఉప్పు వేసి మరిగించి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి సులువుగా వస్తుందండీ, ఆ గిన్నె అలాగే తోముకున్నాను. కానీ ఆ మాడు పప్పన్నం నాకెంత రుచిగా ఉందో చెప్పలేను. "రోజూ ఇంత పనా?" అన్నారు మావారు. ఆ ఒక్క మాట చాలు.

ఆదివారం నవమి. ఒక గ్లాసు బెల్లానికి నాలుగు గ్లాసుల నీళ్ళు, మిరియాలపొడి, యాలకులు వేసి పానకం. గంటసేపు నానిన పెసరపప్పులో మామిడి తురుము, పచ్చిమిర్చి వేసి వడపప్పు. పందిట్లో సీతారాముల కల్యాణం చూసి వచ్చేం. ఆ రోజుకీ పొయ్యి పని అంతంతమాత్రమే.

ఇంకో మాట. అప్పటికి లేదు గానీ, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కాబట్టి చార్జీల సాకు కూడా పోయింది!

రామేశ్వరం చిట్టీ మళ్ళీ మొదలుపెట్టేను. ఈసారి ఒక టిక్కెట్టు ఎక్కువ, అత్తగారికి. అంతవరకూ మీరు చెయ్యవలసింది ఒకటుంది. మీ ఇంట్లో పెద్దావిణ్ణి అడగండి, గంట దూరంలో ఆవిడ చూడకుండా ఉండిపోయింది ఏమిటో. తర్వాత అదే ప్రశ్న మిమ్మల్ని మీరు అడుక్కోండి. జవాబు దొరికేక పులిహోర మూట కట్టుకుని బయల్దేరడమే. ఏమంటారు?