పంటి తీగలతో విహారయాత్ర

సెలవులు సమీపిస్తున్నాయంటే మన టౌన్‌షిప్ కుటుంబాలలో ఎల్.టి.సి. దరఖాస్తులు, రైలు రిజర్వేషన్లు, సొంత ఊళ్ళకు కబుర్లు మొదలవుతాయి. కొన్నేళ్ళుగా ఈ సన్నాహాలకు మరొక ప్రశ్న తోడవుతున్నది. "పిల్లకు పళ్ళకు క్లిప్పులు వేయించాము, ఇప్పుడు ప్రయాణం పెట్టుకోవచ్చునా?" అని పన్నెండు, పదహారేళ్ళ మధ్య వయస్సు పిల్లలున్న తల్లిదండ్రులు ఒకరినొకరు అడుగుతున్నారు. కొందరు యాత్రనే మానుకుంటున్నారు. మరికొందరు యాత్ర కోసం చికిత్సను నెలల తరబడి వాయిదా వేస్తున్నారు. ఈ రెండింటిలో ఏదీ అవసరం లేదనీ, కొద్దిపాటి ముందుచూపు ఉంటే రెండూ సాగుతాయనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దంతాల ప్రస్తావనకు మేముంటున్న దంతెవాడ కంటె తగిన చోటు మరొకటి ఉండదేమో! సతీదేవి దంతం ఇక్కడ పడినదని స్థలపురాణం. శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద వెలసిన దంతేశ్వరీ దేవి పేరిటనే ఈ ఊరు ప్రసిద్ధికెక్కింది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడనీ, ఆ వంశానికి ఈమె కులదేవత అనీ సంప్రదాయం చెబుతున్నది. కనుక తెలుగువారికి ఈ తల్లి పరాయిది కాదు. ఇక్కడికి సమీపంలోనే, బైలడిల్లా పర్వతశ్రేణిలోని ఢోల్‌కల్ శిఖరంపై వినాయకుని విగ్రహం ఉన్నది. పరశురామునితో జరిగిన పోరులో గణపతి దంతం విరిగినది ఇక్కడేనని స్థానికుల విశ్వాసం. విరిగిన దంతంతోనే ఏకదంతుడు ఆదిపూజలు అందుకుంటున్నాడు. వంకర పళ్ళు ఉన్నాయని నోటికి చేయి అడ్డుపెట్టుకునే మన పిల్లలకు ఈ కథ ఒకసారి చెప్పవచ్చు.

తీగ చేసే పని

పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో నాలుగోవంతు మందం కూడా లేని ఒక మెత్తని పొర ఉంటుంది. పంటిపై అతికించిన బ్రాకెట్ గుండా తీగ కొద్దిపాటి బలాన్ని ఎడతెగకుండా ప్రయోగించినప్పుడు, పన్ను జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక చేరుతుంది. ఆ విధంగా పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున కదులుతుంది. ఒక పంటిని వాల్చి జరపడానికి కావలసిన బలం 35 నుంచి 60 గ్రాముల బరువుకు సమానం. బలం పెంచితే పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. అధిక బలం ఆ పొరకు రక్తప్రసారాన్ని అడ్డుకొని కదలికను ఆలస్యం చేస్తుంది.

ఈ తీగల వెనుక లోహశాస్త్రం దాగి ఉన్నది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ 1959 ప్రాంతంలో పరిశీలించిన నికెల్, టైటానియం మిశ్రమలోహం బాగా వంచినా తన పూర్వరూపానికి తిరిగి రాగలదు. దానిని 1970ల ఆరంభంలో జార్జ్ ఆండ్రియాసన్ దంతచికిత్సలోకి తెచ్చాడు. నేడు చికిత్స తొలి మాసాలలో సాధారణంగా ఈ తీగనే వాడుతున్నారు. తరువాతి దశలలో స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు వస్తాయి. ఇనుప ఖనిజం త్రవ్వడమే వృత్తిగా గల మనం, ఇనుముకు ఇంతటి సున్నితమైన ఉద్యోగం కూడా ఉన్నదని గుర్తించడం ముచ్చటైన విషయమే.

దీని నుంచి గ్రహించవలసినది ఒకటే. తీగకు సెలవులు లేవు. అది మనం నిద్రించినా, రైలులో ఉన్నా, జలపాతం ఎదుట నిలిచినా పని చేస్తూనే ఉంటుంది. దానిని పని చేయనిస్తే చాలు.

దూరమే అసలు సమస్య

నగరంలో బ్రాకెట్ ఊడితే సాయంత్రానికి అతికించుకొని రావచ్చు. కిరండూల్, బచేలి, దంతెవాడలలో నివసించే మన వంటివారికి ఆ సౌకర్యం లేదు. ప్రాథమిక దంతవైద్యం స్థానికంగా లభించినా, క్లిప్పుల చికిత్సకు మన కుటుంబాలలో అధికభాగం విశాఖపట్నమో, రాయపూరో వెళుతున్నాయి. 1960లలో జపానుకు ఖనిజం ఎగుమతి చేయడానికి నిర్మించిన కొత్తవలస, కిరండూల్ రైలుమార్గంలో 58 సొరంగాలు దాటి రావాలి. విశాఖలో ఉదయం ఎక్కినవారు రాత్రికి గాని కిరండూల్‌లో దిగరు. పది నిమిషాల మరమ్మత్తుకు రెండు రోజుల ప్రయాణం! అందుచేత మనకు జాగ్రత్త ఇతరుల కంటె రెట్టింపు అవసరం.

అయితే ఈ దూరంలోనే ఒక అనుకూలత కూడా ఉన్నది. డాక్టరు వద్దకు నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి ఎలాగూ వెళ్ళవలసి ఉంటుంది. ఆ తేదీలను సంవత్సరారంభంలోనే సెలవుల తేదీలతో కలిపి వ్రాసుకుంటే, అరకు, బొర్రా గుహలు, విశాఖ సముద్రతీరం అన్నీ చికిత్స దారిలోనివే అవుతాయి.

బయలుదేరే ముందు

యంత్రానికి మరమ్మత్తు చేసిన వెంటనే పూర్తి భారం మోపము గదా! క్లిప్పులకూ అదే నియమం. తీగ మార్చిన తరువాత రెండు మూడు రోజులు నొప్పి ఉండడం సహజం. అందుచేత ప్రయాణానికి వారం, పది రోజుల ముందు డాక్టరును కలవడం ఉత్తమం. నొప్పి తగ్గుతుంది, ఏ బ్రాకెట్ అయినా వదులైతే ఇంటి వద్ద ఉండగానే బయటపడుతుంది.

ఒక చిన్న డబ్బాలో ఈ వస్తువులు సర్దుకోవాలి: డాక్టరు ఇచ్చే మైనం, మెత్తని బ్రష్, తీగ క్రింద దూర్చి శుభ్రం చేసే సన్నని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు, చిన్న అద్దం, కొద్దిగా ఉప్పు, డాక్టరు సూచించిన నొప్పి మాత్రలు. రబ్బరు బ్యాండ్లు తగిలించుకోమని చెప్పి ఉంటే అవి రెండు ప్యాకెట్లు ఉండాలి. సెలవులలో బ్యాండ్లు మానివేస్తే సాధించిన కదలిక వెనుకకు పోతుంది. పారదర్శకమైన ట్రేలు వాడేవారు తరువాతి జతనూ, అంతకు ముందు వాడిన జతనూ కూడా వెంట ఉంచుకోవాలి. ఉన్నది పోతే ఏది తొడగాలో డాక్టరు చెప్పగలరు. ఈ డబ్బా సూట్‌కేసు అడుగున కాక చేతిసంచిలో ఉండాలి. విమానాశ్రయంలో తనిఖీ యంత్రం మోగుతుందేమోనని పిల్లలు భయపడుతుంటారు. నోటిలోని ఆ కొద్దిపాటి లోహానికి అది సాధారణంగా మోగదు.

దారిలో తిండి

బ్రాకెట్‌కు ప్రధాన శత్రువు గట్టి పదార్థం. జంతికలు, చేగోడీలు, సకినాలు, వేరుశనగ చిక్కీ, చెరకు ముక్క, ఎముకలు కొరకడం, మంచు ముక్కలు నమలడం పనికిరావు. అరకు దారిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు కనబడగానే పిల్లల చేతులు సాగుతాయి. పొత్తును కొరకనీయక, ఉడికించిన గింజలు వలిచి పెట్టవచ్చు. జామకాయ, ఆపిల్ వంటివి ముక్కలుగా కోసి వెనుక పళ్ళతో నమలాలి. దంతేశ్వరి గుడిలో ఇచ్చే కొబ్బరి ప్రసాదాన్ని కాదనవలసిన పని లేదు. ఇంటికి తెచ్చి తురిమి, బెల్లం కలిపి పెడితే ప్రసాదమూ దక్కుతుంది, బ్రాకెట్టూ దక్కుతుంది. కాని తీపి తిన్న తరువాత నోరు పుక్కిలించడం మరువరాదు.

తినగలిగినవి తక్కువేమీ కాదు. ఇడ్లీ, ఉప్మా, పొంగలి, పెరుగన్నం, పప్పులో నానిన చపాతి, అరటిపండు ప్రతి స్టేషనులోనూ, ప్రతి ఊరిలోనూ లభించేవే. బస్తర్ సంతలలో దొరికే ఎర్రచీమల చాపడా చట్నీ రుచి చూడాలని ముచ్చటపడేవారికి కూడా మా అభ్యంతరం లేదు. అది మెత్తగా నూరినదే! మన వంటలలోని పసుపు వలన బ్రాకెట్లపై ఉన్న తెల్లని రబ్బరు రింగులు పచ్చబడతాయి. అది లోపం కాదు, తరువాతి సందర్శనలో రింగులు మార్చుతారు. ముదురు రంగు రింగులు వేయించుకుంటే అసలే కనబడదు.

శుభ్రత

పలువరుస సరియైన తరువాత క్లిప్పులు తీస్తే, బ్రాకెట్ల చుట్టూ సున్నపు బొట్ల వంటి తెల్లని మచ్చలు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. చికిత్సకాలంలో పాచి నిలిచి, ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని హరించడమే దీనికి కారణం. రెండేళ్ళ శ్రమ ఫలితాన్ని ఈ మచ్చలు చెడగొడతాయి. శీతలపానీయాలు గుక్క గుక్కగా గంటసేపు త్రాగే ప్రయాణపు అలవాటు మరీ చెరుపు. బ్రష్ చేయడానికి వీలు లేని చోట సీసాలోని నీటితో గట్టిగా పుక్కిలించాలి. రాత్రి పడుకునే ముందు మాత్రం, రైలైనా బస్సైనా, బ్రష్ చేయవలసిందే. వేపపుల్ల మంచిదే గాని, తీగలున్నంత కాలం దానికి విశ్రాంతి ఇవ్వాలి. పుల్ల నమలడం వలన బ్రాకెట్లు ఊడుతాయి.

తీసి పెట్టుకునే ప్లేట్లు వాడేవారు భోజన సమయంలో దానిని కాగితపు రుమాలులో చుట్టరాదు. అది ఎంగిలి ఆకులతోపాటు చెత్తబుట్టలోకి పోతుంది. పెట్టె ఉండాలి. ఎండలో నిలిపిన కారులో ఉంచినా, వేడినీటితో కడిగినా ప్లాస్టిక్ వంగిపోతుంది.

తీగ గుచ్చుకుంటే

తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే, చేతులు కడుక్కొని, పంటిని తుడిచి ఆరబెట్టి, మైనాన్ని చిన్న ఉండగా చేసి ఆ కొసపై అద్దాలి. పుండు పడితే గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలిస్తే ఉపశమనం కలుగుతుంది. బ్రాకెట్ పంటి నుంచి ఊడి తీగపై వేలాడుతుంటే లాగరాదు. మైనంతో కదలకుండా చేసి డాక్టరుకు ఫోను చేయాలి. ఇప్పుడు ఫొటో తీసి పంపితే సగం సంగతి ఆయనకు అక్కడే తెలుస్తుంది. అడవి దారిలో అన్ని చోట్లా సిగ్నల్ ఉండదు గనుక, సిగ్నల్ అందిన మొదటి ఊరిలోనే ఈ పని ముగించాలి. పూర్తిగా ఊడిన ముక్కను పారవేయక డబ్బాలో భద్రపరచాలి. పొరపాటున మింగితే, దగ్గు, ఆయాసం లేకుంటే అది సాధారణంగా తనంతట తానే బయటకు పోతుంది. దగ్గు ఆగకున్నా, ఊపిరి అందకున్నా, కడుపునొప్పి వచ్చినా తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక్కడ మన ఇంజనీరు, టెక్నీషియన్ సోదరులకు ప్రత్యేక విజ్ఞప్తి. చేతిలో ప్లయర్లు ఉన్నాయి కదా అని ఇంటి వద్ద తీగ వంచడం, కత్తిరించడం, బజారు జిగురుతో బ్రాకెట్ అతికించడం చేయరాదు. మన పనితనం కన్వేయరు బెల్టులకు సరిపోతుంది, 60 గ్రాముల బలానికి సరిపోదు. దూరప్రాంతంలో చిక్కుకుంటే ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు హైదరాబాదు, విజయవాడ, కడప, రాయపూర్‌లలో ఉన్నాయి.

ఢోల్‌కల్ వంటి కొండలు ఎక్కేటప్పుడూ, చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాల వద్ద పాచి పట్టిన బండలపై నడిచేటప్పుడూ మరింత జాగ్రత్త అవసరం. తీగలున్న నోరు బండకు తగిలితే పెదవి లోపల తీవ్రమైన గాయం అవుతుంది.

పెళ్ళి ఫొటోలు

పై జాగ్రత్తలన్నింటి కంటె కష్టమైనది బంధువుల మాట. మా అమ్మాయి పదవ తరగతి సెలవులలో విజయనగరంలో మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళాము. "ఫొటోలు బాగా రావు, ఈ నాలుగు రోజులకూ తీయించేయండి వదినా, మళ్ళీ పెట్టించుకోవచ్చు" అని పెద్దలు మా ఇంటావిడను పట్టుబట్టారు. తీసి మరల అతికించడమంటే అదనపు ఖర్చు, కొన్ని వారాల నష్టం, ఆ లోపల పళ్ళు వెనుకకు జరగడం. ఈ లెక్క మేము వివరించబోతుండగా అమ్మాయే అన్నది: "నాన్నా, తొమ్మిది నెలలు ఓర్చుకున్నాను. నాలుగు రోజుల కోసం మళ్ళీ మొదటికి వెళ్ళను." అంతవరకు ప్రతి ఫొటోలోనూ పెదవులు బిగించుకొని నిలబడిన పిల్ల, ఆ పెళ్ళిలో తలంబ్రాల వేళ తీగలన్నీ కనబడేటట్లు నవ్వింది. మా ఇంట అందరికీ నచ్చిన ఫొటో అదే.

క్లిప్పులున్న పిల్లలకు కావలసినది జాలి కాదు, వెక్కిరింత అంతకంటే కాదు. బంధువుల ఇంటికి వెళ్ళేటప్పుడు తల్లిదండ్రులు ముందే ఒక మాట చెప్పి ఉంచితే పిల్లల మనస్సు నొచ్చుకోదు.

బదిలీ వస్తే

మన ఉద్యోగాలలో చికిత్స మధ్యలో బదిలీ రావడం మామూలే. అప్పుడు ఎక్స్‌రేలు, పంటి అచ్చులు, ఫొటోలు, ఇంతవరకు చేసిన పని వివరాల ఉత్తరం డాక్టరు వద్ద తీసుకొని వెళ్ళాలి. డ్రాయింగులు లేకుండా ప్లాంటును అప్పగిస్తే కొత్తవారికి ఎంత ఇబ్బందో మనకు తెలియనిది కాదు. కొత్త డాక్టరు కుదిరే వరకు పాతవారితో సంబంధం తెంచుకోరాదు. క్లిప్పులు తీసిన తరువాత ఇచ్చే రిటైనరును కూడా చెప్పినంత కాలం ధరించాలి. పన్నుకు తన పాత చోటు జ్ఞాపకం ఉంటుంది, అవకాశం దొరికితే అక్కడికే పోతుంది.

సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండేళ్ళు పట్టే ఈ చికిత్సలో రెండు వేసవులు, రెండు దసరాలు వస్తాయి. అవన్నీ ఇంటిలో గడపవలసిన పని లేదు. ఈ సెలవులలో బారసూర్ జంట గణపతులనో, చిత్రకోట్ జలపాతాన్నో చూడబోయే మన పిల్లలందరూ తీగలతోనే హాయిగా తిరిగి, తనివితీరా నవ్వి, క్షేమంగా ఇళ్ళు చేరాలని ఆకాంక్షిస్తున్నాము.