కందిపప్పులో 22 గ్రాములు.. గుడ్డులో 13 గ్రాములే.. మరి ప్రోటీన్ ఎందులో ఎక్కువ?

ప్రోటీన్ అనగానే ముందు గుడ్డు, చికెన్ గుర్తొస్తాయి. నెట్‌లో వెతికితే మాత్రం లెక్క తిరగబడుతుంది. 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటే, అంతే బరువున్న గుడ్డులో 13 గ్రాములే కనిపిస్తుంది. అందుకే ‘రోజూ పప్పు తింటున్నాం, ఇంకేం కావాలి’ అనుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. అయితే ఇక్కడే ఒక చిక్కుంది.

ఆ 22 గ్రాములు ఉడకని పప్పు లెక్క. నలుగురున్న ఇంట్లో పూటకు 100 గ్రాముల పప్పు వండితే, ఒక్కొక్కరికి దక్కేది ఐదున్నర గ్రాములే. ఒక్క ఉడికించిన గుడ్డులోనే 6 గ్రాములుంటుంది! అదీ ముద్దపప్పు అయితేనే. పప్పుచారు, సాంబారు అయితే గరిటెలో నీళ్లే ఎక్కువ. ఇక కట్టుతో పెట్టిన చారును ప్రోటీన్ లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. మొలకెత్తిన పెసలదీ అంతే. నానాక బరువు పెరుగుతుంది కాబట్టి 100 గ్రాములకు ప్రోటీన్ తగ్గినట్టు కనిపిస్తుంది, పోషకం మాత్రం ఎక్కడికీ పోదు.

కాబట్టి పోల్చాల్సింది 100 గ్రాములను కాదు, కంచంలో పడేదాన్ని. ఎముక లేని చికెన్ 100 గ్రాములు తింటే 20 గ్రాములకు పైనే వస్తుంది. కూరలో ముక్కలైతే ఎముకల బరువు తీసేసి లెక్కేసుకోవాలి. 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాములు ఉంటుంది, అంతకంటే కాస్త ఎక్కువగానే కొవ్వూ ఉంటుంది. గ్లాసు పాలు దాదాపు 6 గ్రాములు ఇస్తే, చిన్న కప్పు పెరుగు 3 గ్రాములు ఇస్తుంది. గుప్పెడు వేరుశనగలు, అంటే 30 గ్రాములు తింటే 7 గ్రాములకు పైగా వస్తుంది. క్యాలరీలు మాత్రం 170 దాకా ఉంటాయి. పది బాదం పప్పుల్లో రెండున్నర గ్రాములే. ఆ ధరకు పల్లీలే నయం!

శాకాహారంలో అసలు మొనగాడు మీల్‌మేకర్. 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది.

ఇంతకీ రోజుకు ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు. అంటే 55 కిలోల మహిళకు 46 గ్రాములు, 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు. ఇప్పుడు ఆ మహిళ రోజంతా తినేది కూడి చూద్దాం. టిఫిన్‌తో కలిపి 250 గ్రాముల బియ్యం నుంచి 18 గ్రాములు, పప్పు నుంచి ఐదున్నర, పాలు, పెరుగు నుంచి 9. మొత్తం 32 దాటుతుందంతే. ఇంకా 14 గ్రాముల లోటు! ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు తింటే అది దాదాపు పూడిపోతుంది. గుడ్డు తినని వారికి మీల్‌మేకర్ కూర చాలు. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పౌడర్ అవసరమే రాదు. 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి సప్లిమెంట్లు వాడొద్దని ఈ సంస్థే సూచించింది.

నాణ్యత సంగతి కూడా చూడాలి. శరీరానికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ. మెథియోనిన్ విషయంలో పప్పుకున్న లోటును బియ్యం తీరుస్తుంది. పప్పన్నం కలిపి తింటే రెండూ సరిపోతాయి. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు ఉండాలి. మన ఇళ్లలో చాలాచోట్ల అన్నం కుప్పగా ఉంటుంది, పప్పు మాత్రం ఒక గరిటే పడుతుంది. గుడ్డు, పాలు, మాంసంలో అయితే అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ ఒకేచోట దొరుకుతాయి.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్కలు వర్తించవు. వారు ప్రోటీన్ పెంచాలన్నా, తగ్గించాలన్నా ముందు తమ డాక్టర్‌ను అడగాల్సిందే.