మెట్ల మూలన మరియమ్మ

మౌలాలిలో మేము తరచూ ప్రార్థనకు వెళ్లే అపార్టుమెంటు ఒకటి ఉంది. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. మెట్ల మలుపుల్లో గుట్కా ఉమ్ములు భరించలేక అసోసియేషన్ వాళ్లు ఒక ఉపాయం చేశారు. ప్రతి మలుపు మూలలో, మోకాలి ఎత్తున దేవుళ్ల టైల్స్ అతికించారు. మొదటి మలుపులో వేంకటేశ్వరస్వామి, రెండోదాంట్లో మక్కా, మూడోదాంట్లో చేతులు జోడించిన లూర్దుమాత. ఉమ్మడం తగ్గింది గానీ ఆగలేదు. ఒక సాయంత్రం మేము మెట్లెక్కుతుంటే మూడో మలుపు దగ్గర ఒక పెద్దావిడ చీరకొంగు తడిపి ఆ టైల్‌ తుడుస్తూ కనిపించారు. మమ్మల్ని చూసి తడబడి లేచారు. ‘మీకు ఇవి పట్టవు కదా అయ్యగారూ’ అన్నారు.

ఆవిడ క్యాథలిక్. ఆవిడ కొడుకు ఉస్మానియా క్యాంపస్‌లో రీసెర్చ్ చేస్తున్నాడు. తార్నాకలో మా యువజనుల కూటానికి వస్తూ, ఏడాది క్రితం మన సంఘంలో చేరాడు. మంచి కుర్రాడు, వాక్యమంటే ఆకలి ఉన్నవాడు. ఆవిడ మాటలో ఏదో గుచ్చుకున్నట్టనిపించి ఇంటికెళ్లి కూర్చున్నాం. అప్పుడు తెలిసింది. వాళ్లమ్మమ్మ కాలం నుంచి గోడకున్న యేసు తిరుహృదయ పటాన్ని ఒక సోమవారం ఉదయం అతను తీసుకెళ్లి మున్సిపాలిటీ చెత్తబండిలో వేశాడు. అద్దం పగిలిన చప్పుడుకు తల్లి బాల్కనీలోకి వచ్చేసరికి బండి వెళ్లిపోయింది. ‘ఆ పటం ముందే వాడికి పరలోక జపం నేర్పించాను’ అన్నదొక్కటే ఆవిడ ఫిర్యాదు. తల్లీకొడుకులు మూడు నెలలుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు.

అంతకుముందు ఆదివారం మేము చేసిన ప్రసంగం హిజ్కియా గురించి. ఇశ్రాయేలీయులు ధూపం వేస్తున్న ఇత్తడి సర్పాన్ని ఆ రాజు ముక్కలు చేశాడని (2 రాజులు 18:4) గొంతెత్తి చెప్పాం. కుర్రవాడు విన్నాడు, చేశాడు. అతణ్ని ఏమని తప్పుపట్టగలం?

ఆ వారమంతా అదే వాక్యభాగాన్ని మళ్లీ చదివాం. సర్పాన్ని చేయమన్నది దేవుడే, చేసింది మోషే (సంఖ్యా. 21). తన సిలువను యేసుప్రభువు దానితోనే పోల్చుకున్నాడు (యోహాను 3:14). హిజ్కియా పగలగొట్టింది తన జనాంగం చేతిలో ఉన్న తన జనాంగపు వస్తువును. రాజుగా అతనికి అధికారముంది. పొరుగింట్లోకి, తల్లి గదిలోకి సుత్తి పట్టుకుని వెళ్లమని ఆ అధ్యాయం ఎవరికీ చెప్పడం లేదు. ఈ సంగతి ఆ ఆదివారం మేము చెప్పలేదు.

చెప్పవలసిన ఇంకో అధ్యాయం అపొస్తలుల కార్యములు 19. ఎఫెసులో పౌలు రెండేళ్లు బోధించాడు. చేతులతో చేసినవి దేవతలు కావని నిర్మొహమాటంగా చెప్పాడు. అర్తెమి గుళ్లను వెండితో చేసి అమ్ముకునే దేమేత్రియకు వ్యాపారం దెబ్బతినేంతగా చెప్పాడు. ఊరంతా నాటకశాలలో చేరి రెండు గంటలు కేకలు వేసింది. అప్పుడు లేచిన నగర అధికారిని మన తెలుగు బైబిలు కరణం అంటుంది. ఆ కరణం క్రైస్తవుడు కాడు. అయినా జనంతో ఏం చెప్పాడు? ఈ మనుషులు గుడిని దోచినవారూ కారు, మన దేవతను దూషించినవారూ కారు అని సాక్ష్యమిచ్చాడు (19:37). రెండేళ్ల బోధలో పౌలు ఆయన నోట అలాంటి సాక్ష్యం సంపాదించుకున్నాడు. మన గురించి మన కాలనీ కరణాలు అలా చెప్పగలరా?

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. స్వరూపాల విషయంలో మనకూ క్యాథలిక్కులకూ ఉన్న భేదం చిన్నది కాదు, దాన్ని దాచిపెట్టడం మర్యాదా కాదు. క్రీ.శ. 787లో జరిగిన రెండో నైసియా మహాసభ, బొమ్మకు చేసే గౌరవం ఆ బొమ్మ సూచించే వ్యక్తికే చెందుతుందని తీర్మానించింది. 1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ దాన్నే స్థిరపరిచింది, బొమ్మలో దైవత్వమో శక్తో ఉందని నమ్మకూడదని హెచ్చరించింది కూడా. అదే 1563లో వెలువడిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, దేవుడు తన ప్రజలకు మూగబొమ్మల ద్వారా కాక సజీవమైన ప్రసంగం ద్వారా నేర్పించదలిచాడని చెప్పింది. మనం ఈ రెండో పక్షాన ఉన్నాం, ఉంటాం.

అయితే మన పితరులు కూడా సుత్తిని సులభంగా ఒప్పుకోలేదు. విట్టెన్‌బర్గ్‌లో కార్ల్‌స్టాట్ ప్రోద్బలంతో కొందరు బొమ్మలు పగలగొడుతుంటే, దాక్కున్న కోట నుంచి లూథర్ తన ప్రాణాన్ని లెక్కచేయక తిరిగొచ్చి, 1522 మార్చిలో వరుసగా ఎనిమిది రోజులు ప్రసంగించి ఆ గొడవను ఆపాడు. వాక్యం హృదయంలో పనిచేస్తే బొమ్మ దానంతటదే పడిపోతుందనీ, బలవంతంతో గోడ ఖాళీ అవుతుందే తప్ప మనసు కాదనీ ఆయన వాదన. 1524లో జూరిక్ నగరం చర్చిల్లోంచి బొమ్మలు తీసేసినప్పుడు కూడా, వాటిని కానుకగా ఇచ్చిన కుటుంబాలు తిరిగి తీసుకెళ్లడానికి అవకాశమిచ్చింది. జ్వింగ్లీ లాంటి కఠినుడున్న ఊరే పక్కవాడి అమ్మమ్మను గుర్తుపెట్టుకుంది!

ఇక క్యాథలిక్కుల సంగతి. వాళ్లు బొమ్మల్ని ఎలా పడితే అలా పెడతారని మనలో ఒక అపోహ ఉంది. 1983 నాటి వాళ్ల చర్చి చట్టం దేవాలయాల్లో స్వరూపాలు మితంగా, తగిన క్రమంలో ఉండాలంటుంది, ప్రజలు తికమకపడి తప్పుడు భక్తికి పోకూడదని కారణం కూడా చెబుతుంది. ఆశీర్వదించిన వస్తువును భక్తితో చూడాలి, ఇతర పనులకు వాడకూడదు. విరిగిన స్వరూపాన్ని చెత్తలో వేయరు, భూమిలో పూడుస్తారు. పాత పటాల్ని కాల్చి బూడిద మట్టిలో కలుపుతారు. ఈస్టరుకు ముందు దినాల్లో చాలా దేవాలయాల్లో స్వరూపాలకు ఊదారంగు గుడ్డలు కప్పుతారు. కళ్లు కూడా ఉపవాసముండాలన్నమాట. ఇది తెలిసినప్పుడు మాకు కాస్త అసూయే కలిగింది.

ఎందుకంటే మన సంగతేమిటి? బొమ్మలు లేని మందిరాలు మనవి, బొమ్మల క్యాలెండర్లు మాత్రం మనవి! మన ఇళ్లలో తరచూ కనిపించే గోధుమరంగు జుట్టు యేసుప్రభువు ముఖాల్లో ఒకటి 1940లో చికాగో చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ గీసినది, ప్రొటెస్టెంటు లోకమే దాన్ని కోట్లలో అచ్చేసుకుంది. డిసెంబరు వస్తే తార్నాక చౌరస్తా దగ్గర ఫ్లెక్సీలు చూడండి. పాస్టరుగారు కోటు వేసుకుని నిలువెత్తున ఉంటారు, రక్షకుడు పైన మూలలో పాస్‌పోర్టు ఫొటో అంత ఉంటాడు. (మేమూ అలాంటి ఫ్లెక్సీలో నిలబడ్డవాళ్లమే.) పండుగయ్యాక ఆ ఫ్లెక్సీ పానీపూరి బండికి పైకప్పవుతుంది. జనవరిలో పాత క్యాలెండరు మిర్చిబజ్జీల పొట్లమై ముళ్లకిరీటం మీద నూనె మరకతో మన చేతికే తిరిగొస్తుంది. అది బొమ్మే, పూజించం, కాబట్టి ఫరవాలేదు అంటామా? అలాగైతే కన్నతండ్రి ఫొటోను కూడా మనం పూజించం. పొట్లం కడతామా?

2024 ఏప్రిల్ 16న మంచిర్యాల జిల్లాలో మదర్ థెరిసా పేరుతో ఉన్న పాఠశాల మీద, హనుమాన్ దీక్ష దుస్తుల విషయమై ఒక గుంపు దాడి చేసి అక్కడి థెరిసా విగ్రహంపై రాళ్లు రువ్వింది. ఆ వార్త మన సంఘాల్లోనూ చాలామందిని కలతపెట్టింది. పడాలి కూడా. కానీ ఆ రాయికీ, సోమవారం ఉదయపు ఆ చెత్తబండికీ మధ్య దూరం ఎంత అని మమ్మల్ని మేమే అడుగుకోవలసి వచ్చింది.

టైల్స్ విషయం అసోసియేషన్ వారితో మాట్లాడాం. ఇలా గోడలపై దేవుళ్ల బొమ్మలు అతికించడాన్ని నిషేధించాలన్న వ్యాజ్యాన్ని 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసిందని సెక్రటరీగారు చెప్పారు. కోర్టు సంగతి కాదండీ, మీ వేంకటేశ్వరస్వామిని ఉమ్ములకు కాపలా పెట్టారు, మీకు బాధగా లేదా అని అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రెండో అంతస్తు ముస్లిం కుటుంబం కూడా అదే అన్నది. ఆ బాల్కనీల్లోంచి మౌలాలి గుట్ట కనిపిస్తుంది. గుట్టమీది రాతిలోని గుర్తును హజ్రత్ అలీ చేతిముద్రగా భక్తులు గౌరవిస్తారు, ఊరి పేరే ఆయనది. బొమ్మలొద్దనే వారు సైతం ఆ ముద్ర దగ్గరికి చెప్పులతో వెళ్లరు. మేస్త్రీని పిలిపించి మూడు టైల్స్ పగలకుండా తీయించారు. మరియమ్మ టైల్‌ను పెద్దావిడ అడిగి తీసుకున్నారు. మలుపుల్లో బల్బులు పెట్టారు. ఉమ్ములు ఇంకా అప్పుడప్పుడు పడుతూనే ఉన్నాయి, వాచ్‌మన్ కడుగుతున్నాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం హిజ్కియా ప్రసంగాన్ని మళ్లీ చేశాం, ఈసారి కరణాన్ని కూడా కలిపి. కుర్రవాడు ఆ సాయంత్రమే సికింద్రాబాద్ వెళ్లి తిరుహృదయ పటం కొన్నాడట. మర్నాడు మమ్మల్ని తోడు రమ్మన్నాడు. ‘నేను దీనికి మొక్కను మమ్మీ, కానీ నీది నేను పారేయకూడదు’ అన్నాడు. ఆవిడ పటాన్ని ఒడిలో పెట్టుకుని కాసేపు ఏడ్చారు. ఆదివారం పూజకు తీసుకెళ్లి ఫాదర్‌గారితో ఆశీర్వదింపజేస్తానన్నారు, మమ్మల్ని ఆ పని అడగలేదు, మేమూ ముందుకు వెళ్లలేదు. ఆ ఇంటికోసం మాత్రం ముగ్గురం కలిసి ప్రార్థించాం.

పాత మేకు ఇంకా గోడకే ఉంది. దాని కింద ఈ మూడు నెలల్లో చెప్పుల స్టాండు ఒకటి వచ్చి చేరింది. పటం ఎత్తబోయి ఆవిడ ఆగారు. కుర్రవాడు వంగి, ఏమీ అనకుండా, ఆ స్టాండును బాల్కనీలోకి జరిపాడు.